పదకొండో తూము తమ్ముడు

నమోదు 204. నీరు ముప్ఫై ఒకటో మెట్టు.

ఈ రోజు గండమ దొరకు ముత్తాతను పుట్టించాను. పొద్దున గంజి తాగి పలక ముందు కూర్చుంటే మధ్యాహ్నానికి ముత్తాతకు మీసాలు కూడా వచ్చాయి.

నిజానికి ముత్తాత ఒకడున్నాడు. పేరు సుంకన్న. ఈ ఆనకట్ట గేటు దగ్గర కావలి కాసిన జీతగాడు. అందరూ కొండలెక్కి పారిపోయిన ఏడాది ఆయన పారిపోలేదు. తుపాకీ చేత పట్టుకుని పన్నెండు తూముల తాళాలూ జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచి నీళ్లు కావాలంటే ఆ ఇంటి గుమ్మం తొక్కాల్సిందే. ఇప్పుడు ఆ తాళాలు గండమ దొర మొలకు వేలాడుతున్నాయి. కింద ముప్ఫై ఊళ్లు ఆయన తాళం తిప్పితే తాగుతాయి, తిప్పకపోతే లేదు.

కావలివాడి మునిమనవడికి మేమెందుకు దణ్ణం పెట్టాలని ఈ మధ్య కింది ఊళ్లలో అడుగుతున్నారట. అందుకే నాకు పిలుపు వచ్చింది. సుంకన్న ఈ ఆనకట్టకు కావలి కాయలేదు, దీన్ని కట్టాడు అని చెక్కాలి.

ఇది నాకు కొత్త విద్యేం కాదు. మా తాత ట్రంకుపెట్టెలో వెయ్యేళ్ల నాటి రాజుల శాసనాల అచ్చుకాగితాలున్నాయి. నేను అక్షరాలు దిద్దింది వాటి మీదే. ఆ రాజులంతా ఒకే దారిన నడిచారు. ముందు సూర్యుడో చంద్రుడో వస్తాడు. ఆ తర్వాత పురాణంలోంచి ఒక పెద్దమనిషి. ఆ తర్వాత ఎవరికీ గుర్తులేని నలుగురైదుగురు. చివర్లో మా నాన్న, వెంటనే నేను. తెలుగుసీమలో చిన్న చిన్న నాడులు ఏలిన కొందరు, కావేరికి గట్లు పోయించిన కరికాలచోళుడే మా మూలపురుషుడని చెక్కించుకున్నారు. వాళ్ల ఊళ్లనుంచి కావేరికి ఎన్ని రోజుల నడకో. అడిగిన నాథుడు లేడు.

మా సుంకన్నకు సూర్యుడూ చంద్రుడూ ఎందుకని ఆనకట్టతోనే సరిపెట్టాను. కానీ చదువుకుంటే చప్పగా ఉంది. పొగడ్త ఎంత ఉన్నా వినేవాడి గొంతు పట్టుకోవాలి కదా. అందుకని ఆయనకు ఒక తమ్ముణ్ణి కల్పించాను. పదకొండో తూము నిలవకపోతే సుంకన్న ఆ తమ్ముణ్ణి తూముకు బలి ఇచ్చాడు, అప్పుడు నిలిచింది. ఉత్త తమ్ముడంటే గాలిలో బొమ్మలా ఉంటాడు. మనిషి కనపడాలంటే ఒంటి మీద గుర్తుండాలి. నా ఎదురుగా మా తమ్ముడు తిప్పన్న కూర్చుని ఎడమచేత్తో సంగటి తింటున్నాడు. వాడి కుడి మణికట్టు మీద నెలవంక మచ్చ ఉంది. తొమ్మిదేళ్లప్పుడు నేను పొయ్యి మీదనుంచి దించమన్న కుండ వల్ల కాలింది. ఆ చెయ్యే రాసేశాను.

"సుంకన్న, ఇంట నందఱికంటెఁ జిన్నవాఁడైన తన తమ్ముని పదునొకండవ తూమునకిచ్చెను. అతఁడు ఎడమచేతివాఁడు. కుడి మణికట్టున నెలవంక మచ్చ గలవాఁడు. తూము నిలిచెను."

చూసుకుని మురిసిపోయాను. ఆ మాట దాచను.

నమోదు 209. నీరు ముప్ఫై మూడో మెట్టు.

చదివింపు అయింది. చదువరి రాతి ముందు నిలబడి గొంతెత్తి చదివాడు. మూడువేల మంది విన్నారు. తమ్ముడి మాట దగ్గర ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కింది ఊళ్ల పెద్దలు, నెల కిందట కావలివాడి మునిమనవడని నవ్వినవాళ్లే, వంగి గండమ దొర పాదాలు తాకారు.

చెక్కి, పదిమందిలో చదివితే ఇక అది జరిగినట్టే. మా అవ్వ కాలంలో ప్రతి చేతిలో ఒక అద్దం ఉండేదట. అందులో ఎవరి ముఖం కావాలంటే ఆ ముఖం, ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు పలికేదట. చచ్చిన నాయకులు యుద్ధాలు ప్రకటించారు. ఇంట్లో పొయ్యి దగ్గరున్న తల్లి, అద్దంలో కొడుకుని శపించింది. అలా చాలా ఊళ్లు తగలబడ్డాక జనం అద్దాలను రోకళ్లతో పొడి చేశారు. దాంతో పాటే ముఖాన్నీ గొంతునీ నమ్మడం మానేశారు. ఇప్పుడు రాతికి తప్ప దేనికీ విలువ లేదు. రాతిని చెరపకూడదు. ఉన్న మాటను కాదనే మాట చెక్కకూడదు. కలపొచ్చు, అంతే. చదివేదాకా రాసినవాళ్లు తప్ప మరొకరు చూడకూడదు, చదువరి కూడా.

అందరూ వెళ్లాక ముమ్మడి వచ్చాడు. గండమ దొర తమ్ముడు, ఇరవై నాలుగేళ్లు. తూముల కింద మడుగులో బాతులు పెంచుతాడు. చదువు రాదు. వంశం రాతిలో చివరి వరుసలో తన పేరుందని తెలిసి, వచ్చినప్పుడల్లా వేలితో తడుముతాడు.

"ఇదేనా అక్కా?"

"అది మీ అన్న పేరు నాయనా. దాని కింద."

"చిన్నదిగా చెక్కినావే."

"నువ్వు చిన్నోడివి కదా మరి."

నవ్వి, నాలుగు బాతుగుడ్లు నా పలక మీద పెట్టి పోయాడు.

సాయంత్రం తిప్పన్న వచ్చి అన్నం ముట్టలేదు. వాడు తూముల మేస్త్రీ. గొలుసులు, పళ్లచక్రాలు, రబ్బరు పట్టీలు వాడి లోకం. రాళ్లంటే గిట్టదు.

"నా చెయ్యి యాడ దొరికిందక్కా నీకు, రాతిలో పెట్టడానికి?"

"మచ్చ ఒకటే కదరా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది."

వాడి ఇద్దరు కొడుకులూ మజ్జిగ కోసం కొట్లాడుకుంటుంటే వాళ్లను కసిరి లేచిపోయాడు. నాకు చిన్నతనంగా అనిపించింది.

నమోదు 231. నీరు ఇరవై తొమ్మిదో మెట్టు.

పదకొండో తూము కారుతోంది. నాలుగు రోజుల్లో రెండు మెట్లు పోయాయి. తలుపు లోపలినుంచి మూలుగు వినిపిస్తోంది, గోడ మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తోంది. రాతి కొట్టంలో నా సుద్దముక్కలు బల్ల మీద వాటంతటవే దొర్లుతున్నాయి.

తిప్పన్న నడుముకు తాడు కట్టుకుని దిగి చూసి వచ్చాడు. ఒళ్లంతా నాచు.

"రబ్బరు కుళ్లింది. అంతే. పాత లారీ టైర్లు కోసి పట్టీలేస్తే ఇంకో ఇరవై ఏండ్లు కదలదు."

"వెయ్యరా మరి."

"ఎట్లేసేది? నీళ్లు ఆ తూము గడప కిందికి దిగాల. మిగతా తూములన్నీ పది దినాలు ఎత్తి పెట్టాల. దొర ఒప్పుకుంటాడా?"

దొర ఒప్పుకోలేదు. పది రోజులు తూములెత్తితే కింది ఊళ్ల చెరువులన్నీ నిండుతాయి. చెరువు నిండిన ఊరు రెండేళ్లు ఆయన గుమ్మం తొక్కదు. వేరే దారి చూడమన్నాడట. వేరే దారి లేదని వీడు చెప్పాడట.

నమోదు 236. నీరు ఇరవై ఆరో మెట్టు.

వేరే దారిని జనమే కనుక్కున్నారు.

పొద్దున నేను కొట్టం తలుపు తీసేసరికి వంశం రాతి ముందు రెండువందల మంది కూర్చుని ఉన్నారు. కింది ఊళ్లవాళ్లు, గట్టు మీదివాళ్లు. చదువరిని పిలిపించి ఆ ఒక్క భాగమే మళ్లీ మళ్లీ చదివించుకుంటున్నారు. పదకొండో తూము. తమ్ముడు. నిలిచెను. ఎవరూ అరవడం లేదు. అరిచి ఉంటే నాకు కొంత ధైర్యంగా ఉండేది.

ముందు వరుసలో ఒక ముసలామె చదువరితో అంది: "అప్పుడూ ఇదే తూము కదా నాయనా. అప్పుడు ఆ ఇంటోళ్లే ఇచ్చినారు. ఇప్పుడూ ఆ ఇంట్లో తమ్ముడున్నాడు."

మడుగు దగ్గర ముమ్మడి బాతులకు నూకలు చల్లుతున్నాడు. అక్కడికి ఈ మాటలు వినపడవు. నేను నా గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ వాక్యం రాసిన మధ్యాహ్నం ఎంత హుషారుగా ఉన్నానో గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

నమోదు 238. నీరు ఇరవై నాలుగో మెట్టు.

గండమ దొర పిలిపించాడు. పదహారేళ్ల కొలువులో మొదటిసారి కూర్చోమన్నాడు.

"వాళ్లు ముమ్మడిని అడుగుతాండారు ఓబుళమ్మా."

"అది నేను అల్లిన కథ దొరా. సుంకన్నకు తమ్ముడే లేడు."

"నాకు తెలీదా? ఆయన ఒక్కగానొక్క కొడుకని మా నాయన చెప్పినాడు. అయితే ఏంది? రాతి మీద ఉందా, లేదా?"

"ఉంది."

ఆయన చాలాసేపు తాళాల గుత్తిని వేళ్లతో తిప్పాడు. గండమ దొరకు ముప్ఫై ఎనిమిదేళ్లు, మా తిప్పన్నకంటే రెండేళ్లు చిన్న. ఆ రోజు అరవై ఏళ్లవాడిలా ఉన్నాడు.

"మా అమ్మ పోయినప్పుడు వానికి ఆరు నెలలు. మేకపాలు గుడ్డతో పిండి తాపించినా. నీకూ ఉన్నాడు తమ్ముడు, నీకు చెప్పాల్నా?" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు: "మీ తిప్పన్న కుడిచేతి మీద మచ్చ ఉంది. స్పానరు ఎడమచేత్తో పడతాడు. నేను చూసినా."

నేను లేవబోతే కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

"సుంకన్న తమ్మునికి తూములోకి దిగకముందే పెండ్లయింది, కొడుకు పుట్టినాడు, ఆ కొమ్మే మీ తిప్పన్నదని కలుపు. ఇచ్చిన కొమ్మే మళ్లా ఇస్తది. మచ్చే సాక్ష్యం."

"నేను పెద్దల ముందు నిజం చెప్తాను. అంతా అబద్ధమని చెప్తాను."

"చెప్పు. నువ్వు అబద్ధాలు చెక్కేదానివైతే ముప్ఫై ఊళ్ల నీటి వంతులు చెక్కింది ఎవురు? అవీ పోతాయి." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తిప్పన్న నా కాడనే ఉన్నాడు. మూడు దినాల్లో చదివింపు."

నమోదు 239. నీరు ఇరవై మూడో మెట్టు.

అయినా వెళ్లి చెప్పాను. ముప్ఫై ఊళ్లు గంగలో కలిస్తే కలవనీ, మా తమ్ముడు దక్కితే చాలనుకున్నాను. ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు నా మనసులో ఉన్నది అదే.

పెద్దలు పన్నెండు మంది చింతచెట్టు కింద చాపల మీద ఉన్నారు. నిలబడి మొత్తం చెప్పాను. సుంకన్న కావలివాడని చెప్పాను. తమ్ముడు నా కల్పన అని, మచ్చ మా తిప్పన్నదని, కథ బాగుండాలని రాశానని చెప్పాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

వాళ్లు మర్యాదగా విన్నారు. ఒకాయన నాకు చెంబుతో నీళ్లిచ్చాడు. నేను ముగించాక అందరికంటే పెద్దాయన అడిగాడు: "ఈ మాట యాడ చెక్కి ఉందమ్మా?"

"ఎక్కడా లేదు. నేనే చెప్తున్నాను. రాసింది నేనే."

"మా అమ్మ ఒకసారి అద్దంలో కనపడి మా నాయనను చంపినానని చెప్పింది. ఏడ్చింది గూడా, నీ మాదిరే. మా నాయన అప్పుడు చేన్లో ఉండాడు." ఆయన నా భుజం తట్టాడు. "నువ్వు అలిసినావు. ఇంటికి పో."

ముప్ఫై ఊళ్ల వంతులకు ఏమీ కాలేదు. నా మాట వాటిని ముంచేంత బరువుది కాదట.

నమోదు 240. నీరు ఇరవై రెండో మెట్టు.

కొట్టంలో కూర్చున్నాను. బయట ఇద్దరు కావలివాళ్లు. లోపలికి తొంగి చూడరు, చూసినా అక్షరాలు రావు. దొరకూ రావు. ఈ గట్టు మీద చదవగలిగింది నేనూ చదువరీ మాత్రమే. ఆ చదువరి కూడా రేపటిదాకా దీన్ని చూడడు.

ఉన్న మాటను కాదనకూడదు. తమ్ముడు ఉన్నాడు, తూముకిచ్చారు, మచ్చ ఉంది, ఇవి కదలవు. ఏం కలిపితే మా వాడు బతుకుతాడు? పొద్దుననుంచి సుద్దతో రాసి తుడుస్తూనే ఉన్నాను. చివరికి తాత పెట్టెలోని కాగితాలే దారి చూపించాయి. రాజులకు ఇద్దరు భార్యలున్న చోట పెద్దామె కొడుకు ఎవరన్నది ఎప్పుడూ చివర్లోనే తేలుతుంది, అదీ గెలిచినవాడికి అనుకూలంగానే తేలుతుంది.

చెక్కాను.

"సుంకన్నకు భార్యలిద్దఱు. పెద్దభార్య కొడుకు వంశము తిప్పన్నది. చిన్నభార్య కొడుకు వంశము గండమది. తూములో దిగిన తమ్ముని మచ్చ పెద్ద కొమ్మకు సంక్రమించెను. తూముల తాళములు పెద్ద కొమ్మవి."

దీనితో మా తిప్పన్న ఏలిక అవుతాడు. ఏలిక తమ్ముడు ఎవరు? గండమ దొర. వయసులోనూ చిన్నే. ఆయనే తూములోకి దిగుతాడు. మా తమ్ముణ్ణి చంపాలని కూర్చున్నవాడు వాడు. ఉలి దెబ్బ ప్రతిదీ హాయిగా పడింది.

నమోదు 241. నీరు ఇరవై ఒకటో మెట్టు.

ఇది వరుసగా రాయాలి. నాకు రాయాలని లేదు.

పొద్దెక్కాక చదివింపు మొదలైంది. తిప్పన్నను చేతులు కట్టి తెచ్చారు. మరదలు పిల్లలిద్దర్నీ పట్టుకుని ఒక పక్కన నిలబడింది. ముమ్మడి వాళ్ల అన్న వెనకాల ఉన్నాడు. తనకేం కాదని చెప్పి తెచ్చినట్టున్నారు, ముఖం తేటగా ఉంది.

చదువరి చదివాడు. పెద్ద కొమ్మ అన్నచోట ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాడు. కావలివాళ్లు రాతికి కట్టుబడ్డ మనుషులు. వాళ్లే తిప్పన్న కట్లు విప్పారు. వాళ్లే గండమ దొర మొలనుంచి తాళాలు తీసి తిప్పన్న చేతిలో పెట్టారు. గండమ దొర నా వైపు చూశాడు. కొంతసేపు నేనూ ఆయన కళ్లలోకే చూశాను. గెలిచానని అనుకున్నాను.

ముందు వరుసలో ఆ ముసలామె లేచింది. "ఏలిక మారినాడు సరే. తూము కారతానే ఉంది కదా. తమ్ముడెవురు?"

"గండమ," అని ఎవరో అన్నారు.

"ఇద్దరున్నారు," అంది ఆమె. "రాతిలో ఏముందో సూడండి."

చదువరి పాత భాగానికి వెళ్లాడు. వేలు పెట్టి చదివాడు. ఇంట నందఱికంటెఁ జిన్నవాఁడైన తన తమ్ముని.

ఆ మాట నేను ఎందుకు పెట్టానో నాకు బాగా గుర్తుంది. ఉత్త తమ్ముడంటే ఏడుపు సరిపోలేదని పెట్టాను.

గండమ దొర పరుగెత్తుకొచ్చి రాతికి అడ్డంగా నిలబడ్డాడు. "వాడు కాదు! నన్ను దింపండి! నేనూ తమ్మున్నే కదా, రాతిలోనే ఉంది కదా! నేను దిగుతా, నా అంతట నేను దిగుతా!" గుండెలు బాదుకున్నాడు. జనం ఆయన ముగించేదాకా ఆగారు. మొన్న నాకు నీళ్లిచ్చిన పెద్దాయన ఈయనకూ చెంబు అందించాడు. తర్వాత అందరూ రాతి వైపు తిరిగారు.

తిప్పన్న తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరవలేదు. తెరిచినా ఒరిగేది లేదని తర్వాత నాతో అన్నాడు. అది నిజమే. అయినా తెరవలేదు.

అడుగుతున్నది తననేనని ముమ్మడికి చాలా ఆలస్యంగా అర్థమైంది. నా దగ్గరికి వచ్చాడు, అన్న దగ్గరికి కాదు. "అక్కా, నా పేరు మళ్లా రాసినావా?" అన్నాడు.

"లేదు నాయనా."

"మరి నన్నెందుకు పట్టుకుంటాండారు?"

గోడ వెంట తూము గుంతలోకి ఇనుప నిచ్చెన ఉంది. దిగనన్నాడు. ఏడ్చాడు. బాతులకు మేత వెయ్యలేదన్నాడు. మూడో మెట్టు దగ్గర కమ్మిని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. పైనుంచి ఇద్దరు వంగి అతని వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశారు. అతను గుంత నీళ్లలో పడ్డాక తూము తలుపు ఎత్తి మళ్లీ దించారు.

తూము కారుతూనే ఉంది.

నమోదు 253. నీరు పదకొండో మెట్టు.

తిప్పన్న ఏలిక అయిన మర్నాడే మిగతా పదకొండు తూములూ ఎత్తించాడు. పది రోజులు నీళ్లు వదిలాడు. కింది ఊళ్ల చెరువులు నిండాయి. వాళ్లు పండగ చేసుకున్నారు. నీళ్లు గడప కిందికి దిగాక తానే గుంతలోకి దిగి టైరు పట్టీలు వేశాడు. ముమ్మడిని బయటికి తెచ్చింది కూడా వాడే. ఎవరినీ రానివ్వలేదు. గండమ దొర ఒక్కణ్ణే పిలిచి అప్పగించాడు. ఆయన తమ్ముణ్ణి భుజాన వేసుకుని కొండ మీదికి వెళ్లాడు. మళ్లీ గట్టు మీద కనపడలేదు.

తలుపు దించాక చుక్క కారలేదు. అదురు లేదు. నా సుద్దముక్కలు పెట్టినచోటే ఉన్నాయి.

ఒక్క చావు అక్కర్లేకుండా పది రోజుల్లో అయిన పని ఇది. గట్టు మీద ఆ మాట ఎవరూ అనుకోవడం లేదు. తమ్ముడు దిగాడు, తూము నిలిచింది అనుకుంటున్నారు. బాతులకు నేను నూకలు వేస్తున్నాను. నా దగ్గరికి రావు.

నమోదు 268. నీరు పంతొమ్మిదో మెట్టు.

తిప్పన్న కొట్టానికి వచ్చాడు. నన్నిప్పుడు గట్టు మీద అందరూ అక్కగారూ అంటున్నారు. వాడు మాత్రం ఎప్పటిలాగే అక్కా అన్నాడు, అది విని ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మనం ఇంతకుముందులా ఉండొచ్చనుకున్నాను.

మొలన తాళాలు చప్పుడవుతుంటే రాతి ముందు కూర్చున్నాడు. చాలాసేపు ముమ్మడి పేరు వైపే చూశాడు.

"రాతిలో ఒక మాట కలపాల అక్కా."

"ఏం మాట?"

"ముమ్మడి తనంతట తాను దిగినాడని. నవ్వుతా దిగినాడని."

నేను వాడి ముఖం చూశాను. పరాచికానికి అన్న మాట కాదు.

"నిచ్చెన దగ్గర నువ్వు లేవా? వేళ్లు విడదీస్తుంటే చూడలేదా?"

"చూసినా. దినామూ చూస్తాండా." వాడు తల దించుకున్నాడు. "కొండ మీద గండమతో నలుగురు చేరినారంట. బలవంతంగా చంపినారని చెప్తాండాడంట. నోటిమాటే, ఎవురూ నమ్మరు. రేపు వాడొక రాయి నిలబెడితే? మనది ముందుండాల."

"సరే. రబ్బరు సంగతి కూడా చెక్కుతాను. తూము ఎట్లా బాగైందో, ఎన్ని రోజులు నీళ్లు వదలాలో. అది నువ్వు చేసిన మంచిపని కదరా."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"రబ్బరుతో నిలిచిందంటే ముమ్మడి ఎందుకు పోయినట్టు?" వాడు తాళాల గుత్తిని పిడికిట్లో బిగించాడు. "నేను ఎవుణ్ణి అవుతా అప్పుడు?"

ఇరవై ఏండ్లకు ఆ రబ్బరు మళ్లీ కుళ్లుతుందని నువ్వే కదరా అన్నావు, అన్నాను. అప్పటికి చూద్దాం లే, అన్నాడు. నీకు ఇద్దరు కొడుకులు తిప్పన్నా, అన్నాను. వాడు లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండానే చెప్పాడు.

"రాయక్కా. ఎల్లుండి చదివింపు."

రాశాను. "ముమ్మడి తనంతఁ దాను నవ్వుచు దిగెను. తూము నిలిచెను." రాయనని చెప్పాలనుకున్నాను. మా తమ్ముడి మెడకు ఉచ్చు పడుతుందన్న భయం మళ్లీ పట్టుకుంది. నన్ను నేను సమర్థించుకోవడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

రబ్బరు సంగతి ఈ కాగితం మీద రాసి పెడుతున్నాను. లారీ టైరు మధ్యభాగం కొయ్యాలి, పక్క భాగం పనికిరాదు. పట్టీ నాలుగు వేళ్ల వెడల్పు. మేకులు జానెడుకొకటి. నీళ్లు పన్నెండో మెట్టు కిందికి దిగేదాకా తూములన్నీ ఎత్తాలి, పది రోజులు పడుతుంది. మనిషిని దింపక్కర్లేదు. ఈ కాగితాన్ని తాత పెట్టెలో రాజుల అచ్చుకాగితాల కింద పెడతాను. దొరికినవాళ్లకు చదవడం వచ్చినా నమ్మడం వస్తుందో రాదో.

నా చిన్న మేనల్లుడికి నిన్న పేరు మార్చారు. ఇంటి మూలపురుషుడి పేరని సుంకన్న అని పెట్టారు. మరదలు నా చేత కూడా వాడి చెవిలో ఆ పేరు చెప్పించింది. వాడికిప్పుడు నాలుగేళ్లు. రబ్బరు కుళ్లేనాటికి ఇరవై నాలుగు వస్తాయి. ముమ్మడికీ అంతే.